అగ్గిపెట్టెంత ప్లేయరు, ముప్పయ్యొక్క క్యాసెట్లు

ప్లేయరు ఇంటికొచ్చిన రోజు మా ఆవిడ దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "ఫోన్లో రాని పాట ఇందులో ఏం వస్తుందండీ?" అంది. అప్పటికి నా దగ్గర జవాబు లేదు. నాలుగు వేల ఎనిమిది వందలు పోసి కొన్న వస్తువు గురించి ఇంట్లో అడిగితే జవాబు లేకపోవడం ఎంత ఇబ్బందో పెళ్లయినవాళ్లకు చెప్పనక్కర్లేదు.

అసలు కారణం చిన్నదే. తెనాలి నుంచి విజయవాడకు రోజూ రైల్లో వెళ్లొస్తాను. ముప్పై చిల్లర కిలోమీటర్ల ప్రయాణం. నాకు పాటలు వినే టైమంటూ ఉంటే అదే. ఫోన్లో పాట పెడితే పల్లవి దాటేలోపు ఆఫీసు గ్రూపులో ఎవరో టింగుమనిపిస్తారు. చరణంలోకి వెళ్లేసరికి లోన్ కావాలా సార్ అని ఇంకెవరో ఫోన్ చేస్తారు. దుగ్గిరాల వచ్చేసరికి పాట వదిలేసి మెసేజీలు చూస్తూ ఉంటాను. సిమ్ లేనిది, నెట్ లేనిది, పాట పాడటం తప్ప ఇంకే పనీ చేతకాని ఒక పెట్టె కావాలనిపించింది.

అలాంటివి ఇంకా తయారవుతున్నాయని ఆఫీసులో చాలామందికి తెలియనే తెలియదు. ఐపాడ్ 2001 అక్టోబరులో 5 జీబీతో వచ్చి, వెయ్యి పాటలు మీ జేబులో అని ఊరించింది. 2022 మేలో యాపిల్ కంపెనీ ఇక ఐపాడ్లు చేయబోమని చెప్పేసింది. దాంతో ఈ కథ ముగిసిందనే అందరూ అనుకున్నారు. నేనైతే ఐపాడ్ కొన్నవాణ్ణి కాదు, కొనగలిగినవాణ్ణీ కాదు. డిగ్రీ రోజుల్లో నాకున్నది పెన్‌డ్రైవ్ ఆకారంలో ఉండే ఎంపీ3 ప్లేయరు, 128 ఎంబీ, సన్న బ్యాటరీ ఒక్కటి వేస్తే నడిచేది. పాతిక పాటలు పట్టేవి. కొత్తది ఒకటి ఎక్కించాలంటే పాతవాటిలో దేన్ని పంపించేయాలా అని నెట్ సెంటర్లో గంటకు పదిహేను రూపాయలిచ్చి మరీ ఆలోచించేవాణ్ణి.

కొత్త ప్లేయరు కంపెనీ పేరు చెప్పను. దీన్ని మెచ్చుకునేదీ ఉంది, తిట్టేదీ ఉంది. పెట్టె విప్పితే ప్లేయరు, జానెడు టైప్-సి వైరు, చీమ తలకాయలంత అక్షరాలతో మడత పెట్టిన కాగితం ఉన్నాయి. ఛార్జరు లేదు, ఇయర్‌ఫోన్లు లేవు. అన్నిటికంటే ముఖ్యంగా, లోపల మెమరీ లేదు. కార్డు విడిగా కొనుక్కోవాలట. ఆ ముక్క కొనేటప్పుడే రాసి ఉంది, చదవకపోవడం నా తప్పు.

చేతిలో మాత్రం బాగుంది. అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దది, మందం దాదాపు అంతే. ఇనుప ఒళ్లు, పట్టుకోగానే చల్లగా తగులుతుంది. ముందువైపంతా తెర. కుడిపక్కన చిన్న చక్రం, దాని అంచున నాణేనికి ఉన్నట్టు గీతలు. నొక్కితే ఆన్ అవుతుంది, తిప్పితే సౌండు. తిప్పినప్పుడల్లా వేలి కింద టిక్కుమని తెలుస్తుంది, ఒక్కో టిక్కుకు ఒక్కో అంకె. పాతకాలం రేడియోలో స్టేషన్ కోసం బిరడా తిప్పిన చేతులకు ఈ టిక్కు చాలా సుఖంగా ఉంటుంది. మొదటి రాత్రి పాటలేం లేకుండానే కాసేపు ఆ చక్రం తిప్పుతూ కూర్చున్నాను. మా ఆవిడ చూసి ఏమీ అనలేదు, అదింకా టెన్షన్.

మర్నాడు 64 జీబీ కార్డు కొనుక్కొచ్చి పెట్టాను. కార్డు లేదు అంది ప్లేయరు. తీసి తుడిచి మళ్లీ పెట్టాను. లేదంది. లాప్‌టాప్‌లో పెడితే శుభ్రంగా కనపడుతోంది. గంట సేపు కుస్తీ పట్టాక తెలిసిందేమిటంటే, కార్డులో ఫైళ్లు సర్దే పద్ధతులు రెండున్నాయి, 32 జీబీ దాకా కార్డులు ఫ్యాట్32 పద్ధతిలో వస్తాయి, అంతకు మించినవి ఎక్స్‌ఫ్యాట్‌లో వస్తాయి. ఈ ప్లేయరుకు మొదటిదే వచ్చు. పోనీ మార్చేద్దామంటే విండోస్‌లో ఫార్మాట్ కొట్టేచోట 64 జీబీకి ఫ్యాట్32 అనే మాటే చూపించలేదు. నాకు ఓపిక చచ్చింది. పాత ఫోన్లో ఉన్న 32 జీబీ కార్డు ఊడదీసి పెట్టాను. వెంటనే తీసుకుంది. కొత్త కార్డు ఫోన్లోకి వెళ్లింది. కొన్నది దేనికి, వాడేది దేనికి!

సినిమా పాటలు ఒక మూడు వందలు ఎక్కించి రైలెక్కాను. ఆ మొదటి రోజు గురించి మాత్రం మనసారా మంచి మాట చెప్పాలి. కృష్ణ మీద బ్రిడ్జి దాటేదాకా ఒక్కరూ నన్ను కదిలించలేదు. పాట వెనక ఇంత వీణ ఉందని, తబలా ఆయన చివర్లో ఆ చిన్న ముక్క వాయిస్తాడని, ఇరవై ఏళ్లుగా విన్న పాటలో అప్పుడు తెలిసింది. అది ప్లేయరు గొప్పో, వైరున్న ఇయర్‌ఫోన్ల గొప్పో, ఫోను బ్యాగులో పడేసిన గొప్పో నేను చెప్పలేను. మూడోదే అయ్యుంటుందని నా అనుమానం.

ఎఫ్ఎం కూడా ఉంది. ఇయర్‌ఫోను వైరే దానికి ఏరియల్, వైరు పీకితే రేడియో నోరు మూస్తుంది. విజయవాడ రెయిన్‌బో కృష్ణవేణి 102.2 రైల్లో బాగానే వచ్చింది. కాకపోతే వైరు కిటికీ వైపు ఉంటే ఒక రకంగా, పక్కాయన భుజం వైపు ఉంటే ఇంకో రకంగా.

ఇక్కడితో అయిపోతే ఇది రాసేవాణ్ణి కాదు. ఆ ఆదివారం నాన్న దాన్ని చూశాడు. కళ్లజోడు పెట్టుకుని కాసేపు పరీక్షించి, "ఇందులో మన టేపులు పడతయ్యంట్రా?" అన్నాడు.

మన టేపులంటే, మా ఇంటి అటక మీద బిస్కెట్ల అట్టపెట్టెలో ఉన్న ముప్పయ్యొక్క క్యాసెట్లు. నాన్నకు పద్యనాటకం పిచ్చి. చుట్టుపక్కల ఎక్కడ నాటకం ఉన్నా టూ-ఇన్-వన్ సైకిలు క్యారేజీకి కట్టుకుని వెళ్లేవాడు. స్టేజీ పక్కన మైకుసెట్టాయన్ని బతిమాలి, పెట్టె దగ్గర చోటు సంపాదించి, రాత్రంతా రికార్డు చేసుకుని తెల్లారి ఇంటికొచ్చేవాడు. కరెంటు పోతుందేమోనని జేబులో నాలుగు సెల్లులు. క్యాసెట్ల అంచుల మీద ఆయన చేతిరాత ఇప్పటికీ ఉంది: 'రాయబారం, రెండో భాగం, కొలకలూరు, 1986'. ఇంకో దాని మీద 'ఇది చెరపొద్దు' అని మాత్రమే ఉంది. నా చిన్నప్పుడు నేను ఒకదాని మీద పాటలు రికార్డు చేసి తిన్న దెబ్బల ఫలితం అది.

మా బావమరిది ఇంట్లో పాత టేప్ డెక్కు ఒకటి మూల పడి ఉంటే తెచ్చాను. మొదటి క్యాసెట్టు పెట్టగానే కృష్ణుడు దుర్యోధనుడి గొంతుతో పాడాడు. నాన్న మొహం చూడాలి! క్యాసెట్టు టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్లు నడవాలి. డెక్కులో రబ్బరు బెల్టు సాగిపోయి ఉంటే అంత నడవదు, గొంతులన్నీ కిందికి దిగిపోయి బొంగురుగా వస్తాయి. గాంధీ చౌక్ వైపు రేడియోలు బాగుచేసే పెద్దాయన ఒకాయన బెల్టు మార్చి ఇచ్చాడు. డబ్బు తీసుకుంటూ, "నాటకాలా? మాక్కూడా ఒక కాపీ ఇయ్యండి" అన్నాడు.

క్యాసెట్టుకు అడ్డదారి లేదు. తొంభై నిమిషాల టేపు లాప్‌టాప్‌లోకి ఎక్కాలంటే తొంభై నిమిషాలు ఆడాల్సిందే. డెక్కు నుంచి వైరు లాగి, ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేరులో రికార్డు చేశాను. మొదటి వైపంతా సౌండు ఎక్కువ పెట్టి పాడుచేశాను, రాగం పైకి తీసినచోటల్లా చిల్లుపడిన స్పీకరులా పగిలింది. మళ్లీ మొదటినుంచి. రెండో తెలివితక్కువ పని ఏమిటంటే, ప్లేయరు డబ్బా మీద హై-రెస్, అంటే సీడీని మించిన నాణ్యత, అని బంగారు బొమ్మ ఉంది కదా అని 96 కిలోహెర్ట్జ్, 24 బిట్లలో రికార్డు చేయడం. సీడీకి వాడేది 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్లు. దానికి మూడింతలు మించి చోటు తింది. తెర మీద హై-రెస్ గుర్తు మాత్రం జిగేలుమని వెలిగింది. వినబడింది ఏంటయ్యా అంటే అదే టేపు 'స్స్' మని చేసే చప్పుడు, పందిరి వెనక కప్పల అరుపు. కప్పలకు హై-రెస్ ఎందుకని సీడీ లెక్కకు దిగిపోయాను. అప్పుడు అన్నీ ఆ 32 జీబీలోనే సరిపోయాయి.

సాయంత్రాలు నెలన్నర పట్టింది. ఈ మధ్యలో ప్లేయరు అసలు గుణం బయటపడింది.

క్యాసెట్ల పేర్లు ముచ్చటగా తెలుగులో టైపు చేశాను. లాప్‌టాప్‌లో చూస్తే కళ్లకు పండగ. ప్లేయరులో చూస్తే వరసగా డబ్బాలు. కొత్త సాఫ్ట్‌వేరు వచ్చిందంటే అదీ ఎక్కించాను. ఈసారి డబ్బాలు పోయి అక్షరాలు వచ్చాయి, కానీ ఏ అక్షరానికి ఆ అక్షరం విడిపోయి వచ్చాయి. 'కృష్ణ' అని రాస్తే క ఒక్కటీ నిలబడింది, దాని సుడి పక్కకొచ్చి గాల్లో వేలాడింది, ష మీద పొల్లు, ఆ తర్వాత ఎవరితోనూ సంబంధం లేనట్టు ణ. ఒత్తులు, గుణింతాలు అక్షరంతో కలిపి చూపించే పని వేరే ఉంటుంది, ఈ చిన్న పెట్టెలో ఆ పని చేసేవాడు లేడు. నాన్న కళ్లజోడు సరిచేసుకుని, "ఇదేందిరా, కృష్ణుణ్ణి ఇట్టా ముక్కలు చేసిండు?" అన్నాడు. చివరికి పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చాను. తెలుగు పద్యాల పెట్టెలో ఒక్క తెలుగు అక్షరం లేదు. ఈ ఒక్క విషయంలో నాకు కోపం ఇంకా తగ్గలేదు. చవకరకం ఫోను కూడా తెలుగులో మెసేజీ చూపిస్తున్న రోజులివి.

తర్వాత వరసల గొడవ. పద్యాలకు 1, 2, 3 అని అంకెలు వేస్తే, ఒకటి తర్వాత పదికి దూకింది. పది, పదకొండు, పన్నెండు అయ్యాక అప్పుడు రెండు. అర్జునుడు వచ్చి నిలబడకముందే రాయబారం ముగిసిపోయింది. 01, 02 అని సున్నాలు పెడితే దారికొచ్చింది. ఇంకొకటి, నలభై అయిదు నిమిషాల ముక్కను సగంలో ఆపి కట్టేస్తే మళ్లీ మొదటినుంచి ఎత్తుకునేది. ఆపినచోటు గుర్తుపెట్టుకోమని చెప్పే సెట్టింగు ఉంది, నాలుగు మెనూల లోపల. దొరికాక సంతోషించాను. ఎందుకు మొదటే ఆన్ చేసి ఇవ్వలేదో వాళ్లకే తెలియాలి.

ఇదంతా అయ్యాక ఒక ఆదివారం పొద్దున నాన్న చేతిలో పెట్టాను. పాటల జాబితా తెరిస్తే పైన పెద్ద అక్షరాలతో 'అన్‌నోన్ ఆర్టిస్ట్' అని వచ్చింది. ముప్పయ్యొక్క క్యాసెట్లూ దాని కిందే. ఫైల్లో పాడినవాళ్ల పేరు రాయకపోతే అలాగే చూపిస్తుంది.

"అంటే ఏందిరా?" అన్నాడు.

"పాడినవాళ్లు ఎవరో తెలియదని, నాన్నా."

"ఎవరికి తెలవదు?" అన్నాడు.

ఆయన గొంతులో కోపం లేదు, నిజంగానే అర్థంకాక అడిగాడు. నేను లాప్‌టాప్ తెచ్చుకుని పక్కన కూర్చున్నాను. ఆయన ఇయర్‌ఫోను ఒకటి చెవిలో పెట్టుకుని, రెండోది నాకిచ్చి, ఒక్కో ముక్క వింటూ చెప్పడం మొదలుపెట్టాడు. అసలు పేర్లు కొందరివే గుర్తున్నాయి. మిగతావాళ్లు ఆయనకు వేషంతోనే తెలుసు: కొల్లిపర అర్జునుడు, పెద్ద కృష్ణుడు, చిన్న కృష్ణుడు, కంచుగొంతు కర్ణుడు. "ఈయన చూడు, రాగం ఎక్కడ వదులుతాడో. ఇదిగో... ఇప్పుడు జనం అరుస్తారు." అరిచారు. 'వన్స్ మోర్' అని వెనక బెంచీల నుంచి ఒకడు, ఆ తర్వాత వంద మంది. కృష్ణుడు యుద్ధం గురించి చెబుతున్న మాట ఆపి, హార్మోనియం శ్రుతి అందుకుని మళ్లీ అదే పద్యం ఎత్తుకున్నాడు. నాన్న టేపు రికార్డరు మోనో, అంటే రెండు చెవులకూ ఒకే చప్పుడు. అందుకని పద్యం ఎడమ చెవిలోనూ కుడి చెవిలోనూ కాకుండా సరిగ్గా తల మధ్యలో పాడుతుంది, ఎవరో నుదురు వెనక కూర్చుని పాడినట్టు. చెరోటి పెట్టుకున్నా మేం పోగొట్టుకున్నదేం లేదు.

ఒకచోట నాన్న ఇయర్‌ఫోను తీసేసి నవ్వాడు. "అది మీ తాత దగ్గు" అన్నాడు. మళ్లీ వెనక్కి తిప్పి విన్నాను. పద్యం చివర సాగదీత కింద, దూరంగా, రెండుసార్లు. 1986 నాటి దగ్గు. ఆడాసిటీలో చప్పుళ్లు తగ్గించే పనిముట్టు ఒకటి ఉంది, ఆ టేపుకు అది వాడలేదు.

అక్కడ కూడా ప్లేయరు పూర్తిగా పాసు కాలేదు. నాన్నకు చక్రం బాగా నచ్చింది, తెర నచ్చలేదు. వేలు పెట్టినచోట కాకుండా పక్కది తెరుచుకుంటుంది. ఆయన వేళ్లు పొలం పని చేసిన వేళ్లు, తెర మీది అక్షరాలు బియ్యపు గింజలంత. సౌండు కూడా ఆయన చెవికి చాలదు, నేను యాభైలో వింటే ఆయనకు తొంభై కావాలి. గెయిన్ అనే సెట్టింగును 'హై'కి మార్చాక కాస్త మెరుగు. బ్యాటరీ నాకు రైల్లో నాలుగైదు రోజులు వస్తుంది, ఆయన పెట్టి నిద్రపోవడం వల్ల ఒక్క రోజుకే అయిపోతుంది.

రెండు వారాలకు ఆయనే తేల్చేశాడు. "వన్స్ మోర్ చెవిలో ఒక్కడికే వినపడితే ఏం బాగుంటదిరా. ఊళ్లో నాటకం ఇంట్లో తలుపేసుకుని చూసినట్టుంది." దాంతో ఒక వైరు తెచ్చి ప్లేయరును మా పాత స్పీకరుకు కలిపాను. ఇప్పుడు పొద్దున్నే అరుగు మీద రాయబారం నడుస్తోంది. పాలాయన రెండు పద్యాలు విని గానీ కదలడం లేదు. నేను రైల్లో మళ్లీ ఫోన్లోనే పాటలు వింటున్నాను, లోన్ కావాలా సార్ అని అడిగించుకుంటూ. మా ఆవిడ అడిగిన ప్రశ్నకు జవాబు దొరికింది కానీ, అప్పటికి ఆవిడ అడగడం మానేసింది. కృష్ణుడి పద్యాలు ఆవిడకూ సగం వచ్చేశాయి.

ఇంకా 'అన్‌నోన్ ఆర్టిస్ట్' కింద మిగిలింది ఒక్కటే, ఆ కొలకలూరు టేపులో హార్మోనియం వాయించినాయన. పేరు నాలుక చివర ఉందంటాడు నాన్న, రాదు. మొన్న నేను ఆఫీసులో మీటింగులో ఉండగా మూడుసార్లు ఫోన్ చేశాడట, చూసుకోలేదు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి అమ్మ క్యాలెండరులో పాలప్యాకెట్ల లెక్క పక్కన ఆ పేరు రాసి పెట్టింది, మళ్లీ మర్చిపోతాడని. భోజనం కూడా చేయకుండా లాప్‌టాప్ తీసి, కార్డు పెట్టి, ఇంటిపేరుతో సహా ఎక్కించాను. తెర మీద 'అన్‌నోన్ ఆర్టిస్ట్' అనే వరసే మాయమైంది.

తెల్లారి కాఫీ తాగుతూ నాన్న అన్నాడు, "ఆయన కాదురా. ఆయన తబలా."